ఒక మనిషి, ఒక కట్టె

కంబన్న చెవిన పడిన సంగతి ఏదీ లోపలికి పోయినంత కొలతలోనే తిరిగి బయటికి వచ్చేది కాదు. నాలుగు చినుకులు రాలితే ఆకాశానికి చిల్లు పడిందనేవాడు. వంకలో మోకాటి లోతు నీళ్లు పారితే ఏనుగులు కొట్టుకుపోతున్నాయనేవాడు. సంతలో ఎవడైనా ఒక మాట గట్టిగా అంటే, చంపి పాతరేసినంత పని చేశాడని ఊరంతా చెప్పేవాడు. నల్లగుట్లపల్లె జనానికి అదొక కాలక్షేపం. సాయంత్రం చావడి అరుగు మీద కంబన్న కూర్చున్నాడంటే బీడీలు ముట్టించుకుని చుట్టూ చేరేవాళ్లు. ఆయన చెప్పేదాంట్లో సగానికి సగం గాలేనని వాళ్లకు తెలుసు. తెలిసీ వినేవాళ్లు.

భార్య జీవమ్మకు మాత్రం అది కాలక్షేపం కాలేదు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు తమ ఇంట్లో గేదె కడవలకు కడవలు పాలిస్తుందని కంబన్న చెప్పాడు. కాపురానికి వచ్చి చూస్తే అదొక వట్టిపోబోయే గేదె, పూటకు చెంబెడు పాలిచ్చేది. ఆమెకు గేదె గురించి బాధ లేదు. చెంబెడే కదా అన్నందుకు మొగుడు ముఖం ముడుచుకుని, ఆ గేదెను ఆమే కొట్టినట్టు చూశాడు, అది బాధ. ఆ తర్వాత ఆమె ఆయన మాటల్ని లోపల తనే కుదించుకుని వినడం నేర్చుకుంది. వంద అంటే పది, పది అంటే రెండు. కానీ ఊళ్లో అందరూ అట్లా కుదించుకోరు. ఒకసారి కూతురికి జ్వరం వస్తే, పిల్ల కాటిదాకా పోయి వచ్చిందని ఆయన వాగులో స్నానానికి పోయినచోట చెప్పాడు. పుట్టింటి నుంచి ఆమె తల్లి గుండెలు బాదుకుంటూ నడిచొచ్చింది. వచ్చేసరికి పిల్ల గడపలో కూర్చుని సద్ది తింటోంది. ముసలామె ఆనందించక, అలసటతో కూతురినే తిట్టి పోయింది.

జీవమ్మ మాట తీరే వేరు. బాగున్నావా అని ఎవరైనా అడిగితే, మోకాలు నొప్పిగా ఉంది, తక్కినదంతా బాగుంది అనేది. అందుకే ఆమెతో ఎక్కువసేపు మాట్లాడేవాళ్లు తక్కువ.

ఆ ఏడు వానలు ముందు పడి వెనక మొండికేశాయి. బీళ్లలో గడ్డి లేదు. వంక దారి పక్కన జీవమ్మ వాళ్ల మూడెకరాల నల్లరేగడిలో జొన్న మాత్రం ఎట్లాగో నిలబడి పాలు పోసుకుంటోంది. పెద్దగౌడు పశువులు నీళ్లకు ఆ దారినే పోతాయి. వాటిని తోలే జీతగాడు అయ్యన్న. అంతకు ముందు కూడా ఒకటి రెండుసార్లు పశువులు చేలో మూతి పెట్టాయి. జీవమ్మ కేకేస్తే అయ్యన్న అదిలించి తీసుకుపోయేవాడు.

ఆ సాయంత్రం కంబన్న ఊళ్లో లేడు. ఎద్దులకు లాడాలు కొట్టించడానికి పత్తికొండకు పోయాడు. జీవమ్మ ఒక్కతే చేను కాస్తోంది. పశువులు దారి దిగి నేరుగా కంపచెట్ల సందులోంచి చేలోకి రావడం చూసి పరుగెత్తింది. ఈసారి అయ్యన్న అదిలించలేదు. గౌడు ఇంట్లో గడ్డివామి అయిపోయిందని, ఒక అంచు మేపుకుని పోతానని, గౌడు మళ్లీ ఏదైనా ఇప్పిస్తాడులే అని అన్నాడు. జీవమ్మ కుదరదంది. సందుకు అడ్డంగా నిలబడింది. ముందున్న ఆవు నెట్టుకొస్తే దాని కొమ్ము పట్టుకుని వెనక్కి తోసింది. అయ్యన్న తప్పుకోమన్నాడు. ఆమె తప్పుకోలేదు. అయ్యన్న కట్టె ఎత్తాడు. ఎత్తినప్పుడు వాడి చూపు ఆవు మీద లేదు, ఆమె మీదే ఉంది. ఆ సంగతి జీవమ్మకు బాగా తెలుసు. కట్టె వచ్చి కుడిచేతి మణికట్టు మీద పడింది. ఎండిన దంటు విరిగినట్టు చప్పుడైంది.

ఆ చప్పుడు అయ్యన్నకూ వినిపించింది. వాడి ముఖం పాలిపోయింది. పశువుల్ని మళ్లించుకుని గబగబా దారెక్కాడు. చేలో రెండు మూడు సాళ్లు మాత్రం పాడయ్యాయి. జరిగింది అంతే.

జీవమ్మ చేతిని కొంగులో చుట్టుకుని తనే నడిచి వలి సాహెబ్ ఇంటికి పోయింది. విరిగిన ఎముకలకు కట్లు కట్టడంలో ఆయన చేయి చుట్టుపక్కల పల్లెల్లో పేరున్న చేయి. ఆయన వేళ్లతో తడిమి, ఎముక సరిపెట్టి, కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టువేసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో బిగించాడు. ఎముక ముక్క ఒకటి పక్కకు జరిగిందని, చేయి మళ్లీ మునుపటంత చక్కగా రాకపోవచ్చని ముందే చెప్పాడు. ఎట్లా తగిలిందని అడిగితే ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన గడ్డం నిమురుకుని, తెల్లారినాక గౌడు దగ్గరికి పోయి ఇదే మాట ఇట్లాగే చెప్పమన్నాడు. గౌడు మంచివాడని కాదు గానీ, ఒక ఆడమనిషి చేయి విరిగిందంటే పదిమందిలో తలవంపులని భయపడే మనిషి అన్నాడు.

కంబన్న దీపాలు పెట్టేవేళకు ఊరు చేరాడు. కట్టు చూసి కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపులో కల్తీ లేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని ఎంతమంది వచ్చారని అడిగాడు.

"ఒకడే. అయ్యన్న."

"ఒకడే ఎట్లయితాడే? నువ్వు బెదిరిపోయి సరిగ్గా చూసుండవు."

"చూసినా. ఒకడే ఉండె. ఒక కట్టె. ఒక దెబ్బ."

కంబన్న పొద్దున్నే లేచి చావడికి పోయాడు. జీవమ్మ తల దువ్వుకోలేక కూతురిచేత దువ్వించుకుని, గౌడు ఇంటికి బయలుదేరేలోపల పొరుగింటి గిడ్డమ్మ వచ్చింది. వస్తూనే జీవమ్మ గడ్డం పట్టుకుని, పదిమంది గొడ్డళ్లతో మీదపడితే ఒక్కదానివే ఎట్లా నిలబడినావే తల్లీ అంది. జీవమ్మ కాదంది. పదిమంది లేరు, గొడ్డళ్లు లేవు అంది. గిడ్డమ్మ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించి, గౌడుకు భయపడి అట్లా అంటున్నావులే, నాతో కూడా దాయాల్నా అంది. జీవమ్మ మళ్లీ చెప్పింది. గిడ్డమ్మ అంతా అర్థమైనట్టు తలాడించి పోయింది. ఆమె వెళ్లాక మరో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లకు తెలిసిన లెక్క ఇరవై. వాళ్లకు బదులు చెప్పడంతోనే పొద్దెక్కిపోయి, గౌడు ఇంటికి పోవడం కుదరలేదు.

మధ్యాహ్నానికి గౌడు ఇంటి నుంచి వలి సాహెబ్ ద్వారా కబురొచ్చింది. పొద్దున విషయం తెలిసినప్పుడు అయ్యన్నను పిలిచి నాలుగు తిట్టి, జీవమ్మ ఇంటికి జొన్నలు పంపుదామనుకున్నాడట గౌడు. ఇంతలో చావడిలో కంబన్న మాటలు ఆయన చెవిన పడ్డాయి. గౌడు గొడ్డళ్లిచ్చి మనుషుల్ని పంపాడని, ఆడదాన్ని చంపి చేను కలుపుకోవాలని చూశాడని. ఇక ఆయన కళ్లెర్రజేసి కూర్చున్నాడు. నేను మనుషుల్ని పంపించినానని అనుకుంటే అట్లనే అనుకోమను, ఏం చేసుకుంటాడో చేసుకోమను అన్నాడట.

వలి సాహెబ్ ఈ మాట చెప్పేటప్పుడు కంబన్న అక్కడే ఉన్నాడు. సిగ్గుపడలేదు. చూసినావా, వాడు భయపడినాడు, అందుకే అరుస్తాండాడు అన్నాడు. పత్తికొండకు పోయి అర్జీ పెడదామన్నాడు. జీవమ్మకు ఆ మాట మాత్రం సబబుగానే తోచింది. చావడి అంటే నోటిమాటలు. సర్కారు కచేరీ అంటే కాగితం, అక్కడ ఉన్నదే రాస్తారు కదా అనుకుంది.

పత్తికొండలో తాలూకా కచేరీ గోడ పక్కన తడికల నీడలో బల్ల వేసుకుని శ్రీనివాసులు అనే ఆయన అర్జీలు రాసేవాడు. నుదుట నామం, చెవిలో కలం, పక్కన సిరాబుడ్డి. ఆయన కలం పడితే మేజిస్ట్రేటు కదలక తప్పదని పేరు. ఆయన జీవమ్మనే చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. చెప్పడం అయిపోయాక కూడా ఆయన కలం గాలిలోనే ఉంది.

"ఇంతేనామ్మా?"

"ఇంతే సామీ."

ఆయన కలం కింద పెట్టి నిట్టూర్చాడు. ఇట్లాంటి అర్జీలు రోజూ గంపెడు వస్తాయని, గుమాస్తా పైపైన చూసి కట్టలో కింద పెడతాడని, చెయ్యి విరగడమనేది సర్కారుకు పెద్ద విషయం కాదని ఓపికగా వివరించాడు. తర్వాత కంబన్న వైపు తిరిగాడు. అక్కణ్ణుంచి కలం ఆగలేదు. కంబన్న చెబుతూ పోయాడు, శ్రీనివాసులు రాస్తూ పోయాడు, ఒకరి వేగం చూసి ఒకరికి హుషారు పుట్టినట్టు. మూడు కాగితాలు నిండాయి. ఏమి రాశారో చదవమని జీవమ్మ అడిగింది. ఆయన గుక్క తిప్పుకోకుండా చదివాడు. మహారాజరాజశ్రీ గారి దివ్యసముఖమునకు అన్నది మొదలుకొని సగానికి పైగా ఆమెకు అర్థంకాని భాష. నడుమ ఒక మాట చెవికి తగిలింది. మారణాయుధములంటే ఏమిటని అడిగింది.

"కట్టె అన్నమాటేనమ్మా. రాతలో అట్ల అంటారు."

ఆమె నమ్మింది. బతుకులో ఎప్పుడూ ఎక్కువ చేసి మాట్లాడని మనిషికి, రాతలో కట్టెకు కూడా అంత పేరుంటుందేమోనని అనిపించింది. ఎడమచేతి బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద ఒత్తింది.

వాయిదా రోజుకు చేతికి వాపు తగ్గింది గాని బద్దలు ఇంకా విప్పలేదు. వలి సాహెబ్ కూడా బండిలో వచ్చాడు. కచేరీ హాలులో గౌడు తరఫు వకీలు నల్లకోటు వేసుకుని కూర్చున్నాడు. అయ్యన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు, జీవమ్మ వైపు చూడలేదు. మేజిస్ట్రేటు నడివయసు మనిషి, కళ్లజోడు, ముఖంలో విసుగు. అంతకు ముందే ఎన్నో గొడవలు విన్న అలసట కనిపిస్తోంది.

గుమాస్తా అర్జీ చదివాడు. తర్వాత వకీలు లేచి, అమ్మకు అర్థం కావాలి కదా అని, ఒక్కొక్క సంగతీ మామూలు మాటల్లోకి దించి అడగడం మొదలుపెట్టాడు. అప్పుడు తెలిసింది జీవమ్మకు తాను ఏ కాగితం మీద వేలు ఒత్తిందో. అందులో అరవై మంది ఉన్నారు. గొడ్డళ్లు, బరిసెలు ఉన్నాయి. నెత్తురు కాలువలై పారింది. మూడెకరాల పైరు నేలమట్టమైంది. ఆమె స్పృహ తప్పి రోజుల తరబడి పడి ఉంది. వినేకొద్దీ ఆమెకు అది ఎవరో వేరే ఊరి ఆడమనిషికి జరిగిన సంగతిలా అనిపించింది. ఆమె చేయి విరిగిన చప్పుడు మాత్రం ఆ మూడు కాగితాల్లో ఎక్కడా లేదు.

ఎంతమంది వచ్చారని వకీలు అడిగాడు. ఒకడు అని చెప్పింది. చేతిలో ఏముంది? కట్టె. నెత్తురు ఎంత పారింది? నెత్తురు రాలేదు, లోపల ఎముక విరిగింది. స్పృహ తప్పిందా? లేదు, వలి సాహెబ్ ఇంటికి తనే నడిచిపోయింది. పైరు? రెండు మూడు సాళ్లు. హాలులో ఎవరో నవ్వారు. వకీలు మరేమీ అడగకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

తర్వాత కంబన్నను పిలిచారు. ఆయన బోనులో నిలబడి భార్య వైపు ఒకసారి చూశాడు. అరవై మంది వచ్చిన మాట నిజమేనని చెప్పాడు. ఆమె అట్లా ఎందుకంటోందని మేజిస్ట్రేటు అడిగాడు.

"దెబ్బ తగిలినకాడి నుంచి దానికి మతి నిలకడగా లేదు సామీ."

చుట్టూ ఉన్నవాళ్లు తన ముఖంలోకి తొంగిచూసి మతి ఎంత చలించిందో పరీక్షిస్తున్నట్టు జీవమ్మకు తోచింది. వకీలు కూర్చునే, ఆ సాయంత్రం నువ్వెక్కడున్నావప్పా అని కంబన్నను అడిగాడు. పత్తికొండలో లాడాలు కొట్టిస్తాంటి అన్నాడు కంబన్న. ఈసారి హాలు అంతా నవ్వింది.

వలి సాహెబ్ తన వంతు వచ్చినప్పుడు ఎముక విరిగింది నిజమని, తానే కట్టు కట్టానని చెప్పాడు. ఎట్లా విరిగిందో కళ్లారా చూశావా అంటే చూడలేదన్నాడు. అబద్ధమాడని ఆయనకు అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

మేజిస్ట్రేటు కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నాడు. అర్జీ ఒకటి చెబుతోంది, అర్జీ పెట్టిన మనిషి మరొకటి చెబుతోంది, సాక్షి ఊళ్లోనే లేడు, ఇందులో దేన్ని నమ్మమంటారని అడిగాడు. తప్పుడు అర్జీ పెట్టినందుకు శిక్ష వేయవచ్చునని, ఆడమనిషి కాబట్టి, నిజం ఒప్పుకుంది కాబట్టి వదిలేస్తున్నానని చెప్పి కేసు కొట్టేశాడు. నిజం ఒప్పుకుంది అన్న ఆ మాట జీవమ్మకు కట్టె దెబ్బ కంటే గట్టిగా తగిలింది. తాను దొంగతనం చేసి పట్టుబడినట్టు ఉంది ఆ మాట తీరు. పక్కకు రమ్మని బంట్రోతు సైగ చేస్తున్నా ఆమె కదల్లేదు.

"సామీ, చెయ్యి ఇరిగింది నిజమే కదా."

మేజిస్ట్రేటు ఆమె చేతి కట్టు వైపు చూశాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"విరిగింది నిజమేనమ్మా. ఎట్లా విరిగిందో ఈ కాగితంలో లేదు."

బయట ఎండ మండిపోతోంది. కంబన్న బండి కట్టడానికి పోయాడు. జీవమ్మ నీళ్లతొట్టి దగ్గర నిలబడి ముఖం మీద నీళ్లు చల్లుకుంటుంటే వెనకనుంచి అయ్యన్న వచ్చాడు. తలపాగా విప్పి చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు.

"వదినా, నువ్వు ఉన్నది చెప్పినందుకు బయటపడినా. కొట్టింది నిజమే. ఆపొద్దు నాకేమైందో నాకే తెలీదు."

జీవమ్మ తడి ముఖంతోనే వాడివైపు తిరిగింది. "ఈడ నాతో చెప్పేది ఎందుకు? లోపలికి పోయి మేజిస్ట్రేటు అయ్యకు చెప్పు. ఇంకా కుర్చీ దిగలేదు."

అయ్యన్న నేలచూపులు చూశాడు. గౌడు ఇంటి కూడు తింటున్నానని, పిల్లలున్నారని గొణిగాడు. తలపాగా చుట్టుకుని గుంపులో కలిసిపోయాడు. వెనకనుంచి పరుగెత్తి రెక్క పట్టుకుని లాక్కుపోదామా అనిపించింది ఆమెకు. పట్టుకోవడానికి కుడిచెయ్యి లేదు.

తిరుగుదారి పట్టారు. రాళ్లదారిలో బండి ఎగిరినప్పుడల్లా చేయి జిల్లుమంటోంది. వలి సాహెబ్ వెనక కూర్చుని కళ్లు మూసుకుని జపమాల తిప్పుకుంటున్నాడు. ఊరు ఇంకా దూరముందనగా కంబన్నే మొదలుపెట్టాడు. గెలిచే కేసు ఆమె నోటితోనే ఆమె చెడగొట్టుకుందన్నాడు. అవునని ఒక్కమాట అనుంటే పోయేదేముందన్నాడు.

"నాకు మతి లేదని చెప్పినావు," అంది జీవమ్మ.

ఆయన చూపు ఎద్దుల తోకల మీదే ఉంది. పగ్గం వదులుగా పట్టుకుని, వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు. చావడిలో మాట్లాడే గొంతు కాదు అది.

"ఉన్నది ఉన్నట్టు చెప్తే ఎవరు నిలబడి వింటారే? మా నాయన ఆకలికి సచ్చిపోయినప్పుడు ఉన్నదే చెప్పినా. నాయన సచ్చిపోయినాడు, ఇంట్లో గింజల్లేవు అని. అందరూ అయ్యో అని వాళ్ల పనికి వాళ్లు పోయినారు. మనకు జరిగేది శానా చిన్నది జీవమ్మా. పెద్ద చేసి చెప్పకపోతే ఎవరికీ కనపడదు."

మామగారి చావు సంగతి జీవమ్మకు ఇన్నేళ్లుగా మరో రకంగా తెలుసు. ఊరికి ఊరే కరువులో తుడిచిపెట్టుకుపోతే, ఆయన ఉన్న గింజలు ఊరందరికీ పంచి తాను పస్తుండి పోయాడని కంబన్న చెబుతూ వచ్చాడు. ఈ చిన్న సంగతి వినడం ఇదే మొదటిసారి. మొగుడి మీద జాలి కలిగింది. జాలి కలిగినందుకు మళ్లీ ఒళ్లు మండింది. ఎందుకంటే ఈ ఒక్క నిజం ఆయన ఇంత బాగా చెప్పగలడని తెలిశాక, బోనులో నిలబడి ఎందుకు చెప్పలేకపోయాడన్నది ఆమెకు మింగుడుపడలేదు.

రెండు రోజులు ఆమె ఇల్లు కదల్లేదు. మూడోరోజు కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఒక్కతే గౌడు ఇంటికి నడిచింది. వలి సాహెబ్ మొదట్లో చెప్పిన పని ఇప్పుడైనా చేయాలనుకుంది. గౌడు వసారాలో మంచం మీద కూర్చుని వక్కలు కొరుకుతున్నాడు. అయ్యన్న దొడ్లో దూడను కట్టేస్తున్నాడు. జీవమ్మ మెట్టు కింద నిలబడి, మొదటినుంచి చివరిదాకా చెప్పింది. సందుకు అడ్డం నిలబడడం, కొమ్ము పట్టుకోవడం, కట్టె. గౌడు నడుమ అడ్డం రాలేదు. అంతా విన్నాక, అదంతా అబద్ధమని కోర్టులోనే తేలిపోయింది కదా అన్నాడు.

"కోర్టు అరవై మందిని అబద్ధమనింది సామీ. నేను చెప్తాండేది దాన్ని గురించి కాదు."

గౌడు ఆమె వైపు కొత్తగా చూసినట్టు చూశాడు. తర్వాత దొడ్డివైపు తిరిగి పిలిచాడు.

"ఏమిరా అయ్యన్నా, కొట్టినావా ఈయమ్మను?"

అయ్యన్న చేతిలో పలుపుతాడు అట్లాగే ఉంది. గౌడు ముఖం చూశాడు, జీవమ్మ ముఖం చూశాడు. నీళ్లతొట్టి దగ్గర చెప్పిన మాట వాడి గొంతులోకి వచ్చిందేమో, పెదవులు కదిలాయి.

"కట్టె తగిలింది సామీ."

"తగిలిందంట," అన్నాడు గౌడు. "ఆవును అదిలిస్తాంటే తగిలింటుంది. పొరపాటు."

జీవమ్మకు అప్పుడు విషయం అర్థమైంది. తనవైపు వాళ్లు ఆ దెబ్బను ఊది ఊది ఎవరికీ నమ్మకం చిక్కనంత పెద్దది చేశారు. వీళ్లు దాన్ని నొక్కి నొక్కి ఎవరికీ కనపడనంత చిన్నది చేస్తున్నారు. నిజంగా తగిలినంత దెబ్బ, ఆ కొలతలో, ఎవరి నోటా నిలవడం లేదు. గౌడు లోపలివాళ్లను కేకేసి చాటలో జొన్నలు తెమ్మన్నాడు. ఆయన చెడ్డగా అనలేదు, పాపం తినడానికి తీసుకుపొమ్మన్నాడు.

"గింజలకు రాలేదు సామీ. కొట్టినాడు అనే మాట ఒకటి అడుగుదామని వచ్చినా," అంది జీవమ్మ.

ఎవరూ ఆ మాట అనలేదు. గౌడు కూతురు చాట పట్టుకుని గడపలో నిలబడిపోయింది. జీవమ్మ వెనక్కి తిరిగి వచ్చేసింది. వీధిలో నడుస్తుంటే కోపంతో ఆమె కళ్లకు మసకలు కమ్మాయి. ఆ జొన్నలు తెచ్చుకోవలసిందేమో, ఇంట్లో ఉన్నది తక్కువే అని కూడా అనిపించింది. అట్లా అనిపించినందుకు మరింత కోపం వచ్చింది.

కట్టు విప్పేనాటికి చేయి వలి సాహెబ్ అన్నట్టే వచ్చింది. మణికట్టు దగ్గర ఒక గణుపు లేచి, అరచేయి కొంచెం పక్కకు ఒరిగిపోయింది. బిందె ఎత్తగలదు గాని విసుర్రాయి తిప్పలేదు. నాలుగు చుట్లు తిప్పేసరికి నొప్పి భుజందాకా పాకేది. కూతురు చిన్నది. ఒక వేకువన లేచేసరికి విసుర్రాయి చప్పుడు వినిపించింది. కంబన్న తలుపు గడియ పెట్టుకుని, చెమటలు కక్కుతూ జొన్నలు విసురుతున్నాడు. మగవాడు విసుర్రాయి ముందు కూర్చోవడం ఎవరైనా చూస్తే నలుగురిలో తలెత్తుకోలేడు. జీవమ్మ గింజలు గుప్పెడు గుప్పెడు ఎడమచేత్తో రాయి కంతలో పోస్తూ పక్కన కూర్చుంది. రోజూ అట్లాగే సాగింది. ఆ వేకువజాముల్లో ఆయన మాట్లాడేవాడు కాదు. జీవమ్మకు ఆ మనిషి మీద పేరుకున్న కసి అక్కడ కొంచెం కొంచెంగా పలచబడేది.

పొద్దెక్కాక చావడిలో మాత్రం మళ్లీ పాత కంబన్నే. విరిగిన చేత్తోనే జీవమ్మ పూటకు బస్తా జొన్నలు విసురుతుందని చెప్పేవాడు. కోర్టులో ఆమె నోరు విప్పితే మేజిస్ట్రేటు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడనేవాడు. ఆ మాటలు ఆనోటా ఈనోటా పక్క ఊళ్లు దాటిపోయాయి. ఒకనాడు మంత్రాలయానికి నడిచిపోతున్న ఒక కుటుంబం నీళ్లకు ఆగింది. కంబన్న వాళ్లను ఇంటికే పిలుచుకొచ్చాడు. అరవై మందిని ఎదిరించిన చెయ్యి ఇదే చూడండి అని జీవమ్మ చేతిని పైకెత్తి చూపించాడు. వాళ్లలో ముసలాయన భక్తిగా ఆ వంకర మణికట్టు చూసి చేతులు జోడించాడు.

జీవమ్మ చేయి లాక్కుంది. అరవై మంది లేరు, ఒకడే, వాడి చేతిలో ఒక కట్టె, నేను ఒక దెబ్బే తిన్నాను అని చెప్పింది. ముసలాయన ఆమె ముఖంలోకి చూసి, గొప్పవాళ్లు ఇట్లాగే తమ గొప్ప చెప్పుకోరని కోడలితో అన్నాడు. ఆ కోడలు వంగి జీవమ్మ పాదాలకు దండం పెట్టింది. జీవమ్మ వెనక్కి జరిగి గోడకు కొట్టుకుంది. చెంబు నీళ్లు వాళ్ల ముందు పెట్టి లోపలికి పోయింది.

వాళ్లు వెళ్లాక కంబన్న లోపలికి వచ్చాడు. ఆమె పొయ్యి ముందు వీపు తిప్పుకుని కూర్చుంది. కోపమా అని అడిగాడు. ఆ అరవై మంది మాట ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పవద్దని ఆమె అంది. వేడుకున్నట్టుగానే అంది. కంబన్న తలగోక్కుంటూ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఆమెకు ఏదో ఒకటి వదులుకోవాలని ఉంది ఆయనకు.

"సరేలే. ఇంక ఇరవై అంటా."

జీవమ్మ తిరిగి చూసింది. ఆయన ముఖంలో వేళాకోళం లేదు. చాలా పెద్దది తగ్గించి ఇచ్చిన మనిషి ముఖం అది, ఆమె మెచ్చుకుంటుందని ఎదురుచూస్తోంది. ఇరవై మంది కూడా లేరని చెప్పబోయి నోరు మూసుకుంది. పొయ్యిలో పుల్లలు సరిగా అంటుకోక పొగ కమ్ముకొస్తోంది. ఎడమచేత్తో ఊదుడుగొట్టం తీసుకుని, వంగి, ఊదడం మొదలుపెట్టింది.